అరవై దాటని బండి

గదిలోకి వచ్చిన పెద్దాయన ముందు బీరువాకు నమస్కారం పెట్టి, తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగాడు. ఒకప్పుడు కారు పందేల్లో ‘మెరుపు’ అనిపించుకున్న మనిషి.

“నన్ను చంపాలని చూస్తున్నారు. నా పాత స్పోర్ట్స్ కారు నెమ్మదిగా పోతే బాగానే పోతుంది. అరవై దాటిస్తే చాలు, ఊపిరాడనట్టు గింజుకుంటుంది. మా మెకానిక్ పనే! ముప్పై ఏళ్ల స్నేహమని కూడా చూడలేదు. భయపడుతుందని మా ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు.”

డిటెక్టివ్ తన సహాయకురాలితో ఆ ఉదయమే పెద్దాయన ఇంటి షెడ్డుకు వెళ్లాడు. ఎర్ర కారు తళతళలాడుతోంది. మెకానిక్ ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

“పంపు పెట్రోలును తోస్తూనే ఉంటుంది సార్,” అంటూ అతను పైపుకు మీటరు తగిలించాడు. “ఈ రెగ్యులేటరులో స్ప్రింగు ఉంది. ఒత్తిడి మించితే దారి తెరుచుకుని, ఎక్కువైన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి పోతుంది. ఈ మర బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. చూడండి, ఎంత తక్కువుందో. నేను మాత్రం ముట్టుకోలేదు.”

మర మీద ఒక్క గీతయినా లేదు. చేయి తిరిగిన పని.

కాఫీ తెచ్చిన ఇల్లాలిని డిటెక్టివ్ పలకరించాడు. “కారు గురించి మీకేమైనా తెలుసామ్మా?”

“నాకేం తెలుసు బాబూ? అరవై దాటితే మొరాయిస్తుందని తప్ప.”

“ఈమధ్య అందులో ఎక్కారా?”

“ఎక్కి పదేళ్లయింది.”

డిటెక్టివ్ కాఫీ పూర్తిచేసి అందరినీ కారు దగ్గరికి పిలిచాడు.

“చంపదలచినవాళ్లు బ్రేకుల జోలికి పోతారు. ఇక్కడ మర కొద్దిగా వదులు చేశారంతే. బండి ఆగదు, పరుగెత్తదు. ఈయన మీద ప్రేమ ఉన్నవాళ్ల పనే ఇది. ఈయన మా బీరువాకు నమస్కారం పెట్టినప్పుడే కళ్ల సంగతి నాకు అర్థమైంది. ఇంట్లో చెప్పని మాట మీ నోట ఎలా వచ్చిందమ్మా?”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “పోయిన నెల పాలవాణ్ణి గుద్దబోయారు. చూపు మందగించిందంటే ఒప్పుకోరు. ఏం చెయ్యను?”

“నువ్వా?” అన్నాడు పెద్దాయన. “నీకీ పని ఎలా తెలుసు?”

“పందేల్లో మీ బండి ఒత్తిడి సరిచేసింది ఎవరనుకున్నారు? మీకు గెలిచిన రోజులే గుర్తు.”

“నా చేత మొదటిసారి స్పానరు పట్టించింది వదినే,” అన్నాడు మెకానిక్. “మర చూడగానే ఆమె పనేనని తెలిసింది. అందుకే నోరు మెదపలేదు.”

పెద్దాయన మెకానిక్ వైపు తిరిగాడు. “ఒరే, నిన్ను అనరాని మాటలన్నాను.”

“అన్నావులే అన్నా. ముందు కళ్లు చూపించుకో.”

ఆమె మీటరు చూస్తూ మర బిగించి, స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన తడుముకుంటూ పక్క సీట్లోకి చేరాడు. కారు గేటు దాటుతుండగా సహాయకురాలు చెవి ఒగ్గి విని నవ్వింది.

“గేరు మార్చు! గేరు!”

“అప్పట్లో పందేల్లో నేను పక్కన కూర్చుని దారి చెబుతుంటే నోరు మూసుకోమనేవారు. ఇవాళ మీరు మూసుకోండి.”