బతికున్న కణాలను చంపినవాడు

మా మేనల్లుడు కణాల చుట్టూ గీతలు గీసే ఉద్యోగం చేస్తాడు. మందు వేశాక మైక్రోస్కోపు తీసిన ఫొటోలో బతికున్న కణానికి పచ్చ గీత, చచ్చినదానికి ఎర్ర గీత. వాటిని చూసి కంప్యూటర్ ప్రోగ్రామ్ నేర్చుకుని, తర్వాత లక్షల ఫొటోలు తనే చూసుకుంటుందట. ఇంత చదివింది గీతలు గీయడానికా అని అడిగితే వాడు నాతో ఒక పూట మాట్లాడలేదు.

ఆ ప్రోగ్రామ్ రాసే అమ్మాయి కూడా అవే ఫొటోలకు విడిగా గీతలు గీస్తుంది. తేడా వచ్చిన చోట ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుని తేల్చుకోవాలి. మొదటిసారి ఒక్క కణం మీద భోజనం వేళ దాటేదాకా పోట్లాడుకున్నారు. వీడు చచ్చిందన్నాడు, ఆమె బతికుందంది. బతికే ఉంది. ఆ రాత్రి వీడు కంచం ముందు కూర్చుని తినడం మర్చిపోయాడు. తర్వాత ఇద్దరి గీతలూ కలిసిపోతున్నాయని, ఆమె పిలవడమే లేదని నా దగ్గర గొణిగాడు.

"అన్నింటికీ ఔనంటే నిన్నెవరు పిలుస్తార్రా?" అన్నాను. నేను సరదాకే అన్నాను. వాడు చదువుకున్నవాడు, సీరియస్‌గా తీసుకున్నాడు.

అప్పట్నించి నిక్షేపంలా ఉన్న కణాలకు ఎర్ర గీతలు పెట్టాడు. తేడాలు పెరిగాయి, పక్కపక్కన కూర్చోవడాలూ పెరిగాయి. వీడి మొండివాదనకు విసిగి ఆమె కొన్నింటిని ఎర్రగానే వదిలేసేది. ఆ వదిలేసినవన్నీ ప్రోగ్రామ్ శ్రద్ధగా నేర్చుకుంది. ఓ రోజు మందే వెయ్యని కణాలను చూపిస్తే, సగం చచ్చాయంది.

ల్యాబు నడిపే పెద్ద డాక్టరు ప్రోగ్రామ్ పని ఆ అమ్మాయి నుంచి తీసేసి ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుందట.

మావాడు లేచాడు.

"సార్, తప్పు ప్రోగ్రామ్‌ది కాదు. బతికున్నవాటిని నేనే కావాలని చచ్చాయన్నాను."

"ఎందుకయ్యా?"

"ఆవిడ వచ్చి పక్కన కూర్చుంటారని."

పెద్ద డాక్టరు పని ఆమె దగ్గరే ఉంచి, వీణ్ని గాజుపలకలు కడిగే గదికి పంపాడు.

సాయంత్రం వాన మొదలైంది. ఆమె ఆ గది గుమ్మంలో నిలబడింది.

"నా పనంతా పాడుచేశారు."

"చేశాను."

"కాఫీకి రమ్మని అడగొచ్చుగా?"

"అడిగితే వచ్చేవారా?"

"వచ్చేదాన్ని కాదు. అప్పుడు మీరెలాంటివారో నాకేం తెలుసు?" గొడుగు వాడి చేతికిచ్చింది. "ఇప్పుడు తెలిసింది. నడవండి, దారిలో తిడతాను."

చెప్పినట్టే దారి పొడుగునా తిట్టిందట. వాడు ఆ తిట్లన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటే మా అక్క చివరిదాకా విని, "ఇంత ఓపిగ్గా తిట్టే పిల్ల మళ్ళీ దొరకదు. ఇంటికి తీసుకురా" అంది.