గ్రహణవేళ నేత్రోన్మీలనం

పట్టపగలే చీకటి కమ్ముకొస్తోంది... రాహువు సూర్యబింబాన్ని సగం మింగేశాడు! కొవ్వూరుకు దిగువన, గోదావరి గట్టున పాడుబడిన బురుజులో గుడ్లగూబలు వేళ మరచి ఘూంకరిస్తున్నాయి. ఎక్కడో ఉరిమింది.

ఆ బురుజు మీద శ్యామలాంబ ఉడుతవెంట్రుకల కుంచె కింద పెట్టేసింది.

ఆమె ముందు దర్బారు పటం. బంగారు గద్దె మీద పాతికేళ్ళ జమీందారు, పక్కన ఎర్రకోటు దొర. నగలూ కత్తులూ అన్నీ పూర్తయ్యాయి. కళ్ళు మాత్రం లేవు... నాలుగు తెల్లని గుంటలు!

"సూర్యుడు పూర్తిగా మునగ్గానే కళ్ళు దిద్దు" అన్నాడు జమీందారు పినతండ్రి బుల్లిరాజు. క్షుద్రోపాసకుడు! "మావాడి ప్రాణం, వాడికి పట్టంగట్టిన దొర ప్రాణం ఈ కాగితంలోకి దిగుతాయి. ఆనక తగలెట్టేస్తాను!"

"నావల్ల కాదండి రాజుగారూ... మహాపాపమండి!"

బుల్లిరాజు చిటికె వేశాడు. మూలనున్న ఆమె కూతురు పాపాయి విల్లులా వెనక్కి వంగిపోయింది. ఆ లేతగొంతులోంచి మగగొంతు బొంగురుగా మూలిగింది... "దిద్దు! లేకపోతే దీని పీక నులిమేస్తా!"

తల్లి కుంచె ఎత్తింది. అతను నల్లరంగు కలిపిన కపాలాన్ని ముందుకు తోశాడు.

ఆ పుర్రె ముందుపంటికి సన్నని నొక్కు! కుంచెకు కట్టే దారాన్ని ఏళ్ళ తరబడి పంటితో బిగిస్తే పడే నొక్కు. అది ఆమె భర్తకుండేది. మూడేళ్ళ కిందట ఇదే బుల్లిరాజు పనికి పిలిస్తే వెళ్ళాడు... తిరిగి రాలేదు. గోదాట్లో పడ్డాడన్నారు. శవం దొరకలేదు. ఆమె బొట్టు చెరపలేదు.

"ఎవరిదండి... ఈ పుర్రె?"

"పేరులేని ప్రేతానిది. పేరెట్టి పిలిచే అయినవాళ్ళు లేరు గనకే నాకు దాసుడయ్యాడు! నీ పిల్లని పట్టిందీ వాడే. ఊఁ, దిద్దు!"

కన్నకూతురి మీదికే తండ్రిని ఉసిగొల్పాడు!

సూర్యుడు మునిగాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఒక్కనాడూ మొగుడి పేరు పలకని శ్యామలాంబ గొంతు చించుకుని అరిచింది.

"వీరబ్రహ్మం!"

బురుజు దద్దరిల్లింది! పాపాయి కుప్పకూలింది. కపాలంలో నల్లరంగు కుతకుత ఉడికి, కాలసర్పంలా పైకి లేచి బుల్లిరాజు కళ్ళల్లోకి దూకింది.

"అమ్మో! కళ్ళు... నా కళ్ళు!"

తడుముకుంటూ వెనక్కి నడిచాడు. బురుజు అంచున అడుగు తప్పింది. గోదావరి సుడిలో ఒక్కసారి చెయ్యి కనిపించింది... అంతే!

వెలుగు వచ్చాక తల్లీకూతుళ్ళు రేవులోకి దిగారు.

"నాన్నేనా అమ్మా?"

"అవునే తల్లీ."

శ్యామలాంబ కపాలాన్ని మెల్లగా నీళ్ళలో వదిలింది. అది మునిగేదాకా చూసి, తడిచేత్తో నుదుటి కుంకుమ తుడుచుకుంది.