పెట్టెలోంచి రాని కళత్త

2024 నవంబరు 19, మంగళవారం, రాత్రి ఎనిమిదింపావు. కార్తీక దీపం పెట్టి లేచేసరికి మా అబ్బాయి కన్నబాబు గుమ్మంలో కూలబడి ఉన్నాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

వన్‌టౌన్‌లోని ఆ పాత నాటకాల హాలుకి మంచి పేరు లేదు. యాభై ఏళ్ల కిందట, మేజిక్ ఆటలో మా మేనత్త సూర్యకళని పెట్టెలో నిలబెట్టి మాయం చేశారు. పెట్టె మళ్లీ తెరిస్తే ఖాళీ. ఆవిడ ఇక రాలేదు. దెయ్యం పట్టుకుపోయిందని మా నాయనమ్మ నూకాలు ఊరంతా చెప్పింది. అప్పట్నుంచీ చీకటి పడితే స్టేజీ మీద గాజులు మోగుతాయంటారు.

కళత్త మా ఇంటి పేరంటాలయింది, పూజలందుకునే దేవత. ఫొటోకి దండ, ఏటా కొత్త చీర. పూజయ్యాక ఆ చీర ఇంటి ఆడపడుచుగా నేనే కట్టుకునేదాన్ని.

ఇప్పుడు ఆ హాల్లో సినిమా తీస్తున్నారు. పాతకాలం మెజీషియనూ, వాడు ప్రేమించిన పిల్ల మాయమవడమూ కథట. కన్నబాబు లైట్‌మేన్. షూటింగ్ అయిపోయి అందరూ వెళ్లాక, ఒక్కడే లైట్లు ఆర్పుతున్నాడు.

ఒకటి... రెండు...

ఆఖరిదాని మీద చెయ్యి వేశాడో లేదో —

గాజుల చప్పుడు.

స్టేజీ మీద సినిమా కోసం చేసిన మాయల పెట్టె. దాని లోపల్నుంచి, గుసగుసగా...

"దీనికి ఎనకాల తలుపెట్టనేదేటి?"

పెట్టె మెల్లగా తెరుచుకుంది. తెల్లజుట్టు. ఎడమ కనుబొమ మీద మచ్చ — మా ఫొటోలో ఉన్న మచ్చే.

"ఎవులబ్బాయివి బాబూ?"

"ఈశ్వరి కొడుకుని... నూకాలమ్మ మునిమనవణ్ణి."

పెట్టె అంచు పట్టుకుని వాడి మొహంలోకి చూసింది. తర్వాత —

"ఈశ్వరికి సదువొచ్చు గదా... నా ఉత్తరం సదవనేదేటి?"

వాడు దూకి పరిగెత్తాడు. వెనకనుంచి, "ఓరి, ఆగరా... మోకాళ్లు పట్టేసినాయి, సెయ్యందియ్" అని వినిపిస్తూనే ఉందట.

"అమ్మా," అన్నాడు వాడు మంచినీళ్లు తాగి, "దెయ్యానికి మోకాళ్ల నొప్పులేటి? ఏ ఉత్తరం?"

దీపం వైపు చూడలేకపోయాను.

అప్పుడు నాకు పదేళ్లు. నాయనమ్మకి చదువు రాదు, కళత్త మాయమైన కొద్దిరోజులకే వచ్చిన ఉత్తరం నా చేతే చదివించుకుంది. పెట్టెకి వెనక తలుపుందని, తనని మాయం చేసిన ఆ మెజీషియన్‌నే పెళ్లి చేసుకున్నానని, రమ్మని ఒక్క కబురంపితే వస్తానని రాసింది కళత్త. నాయనమ్మ ఉత్తరం పొయ్యిలో పెట్టింది. "కులం కానోడితో ఎల్లిపోనాదంటే పరువు పోద్ది. దెయ్యం అట్టుకుపోనాదంటే పోదు," అని నా చేత సింహాద్రి అప్పన్న మీద ఒట్టేయించింది.

నాయనమ్మ పోయాక కూడా నేను ఆ దెయ్యం కథే చెప్పుకొచ్చాను. బతికున్న మనిషికి దండ వేశాను.

తెల్లారి ఫొటోకున్న దండ తీసి, బొట్టు తుడిచాను. ఈ ఏటి చీర పళ్లెంలో పెట్టుకుని కన్నబాబుతో హాలుకి వెళ్లాను.

కళత్త రాత్రి వాచ్‌మన్ గదిలో పడుకుందట. మెట్ల మీద మోకాళ్లు రాసుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్లూ గంట ప్రయాణం దూరంలో, అనకాపల్లిలోనే ఉందట. కబురు కోసం చూసి చూసి, సినిమా సంగతి విని ఆ పెట్టె చూడ్డానికి వచ్చిందట.

నేను కాళ్ల మీద పడి అంతా చెప్పాను. చీర అందుకుని, అంచు తిప్పి చూసింది.

"యాభయ్యేళ్ల సీరలూ ఎవులు కట్టుకున్నారే ఈశ్వరీ?"

నేను కొంగు వెనక్కి లాక్కున్నాను. నా ఒంటి మీద ఉన్న చీర కూడా ఆవిడకి పోయినేడు పెట్టిందే.