ఎడమకి తిప్పు

"ఎడమకి తిప్పు. చెట్టు మీద చిరుత ఉంది."

ఇయర్‌ఫోన్‌లో గొరాటా గొంతు నేను మొదటిసారి విన్నది అలా. దుమేలా అని నమస్కారం లేదు, ఎలా లేచారన్న పలకరింపు లేదు. జీపు ఇంజన్ ఆపేశాను.

"ఎందుకాపావ్? మనం లైవ్‌లో ఉన్నాం!"

"దుమేలా, మ్మా," అన్నాను.

"మోతూసీ, చిరుత!"

"పలకరించకుండా పని చెబితే మా ఇంట్లో గొడ్డు కూడా కదలదు. దుమేలా, మ్మా."

"దుమేలా! చాలా? తిప్పు!"

తిప్పేసరికి చిరుత దిగిపోయింది. ఎక్కడెక్కడో ఇళ్ళల్లో కూర్చుని మా ఒకవాంగో అడవిని ఫోన్లలో చూస్తున్న రెండువేల మంది, పది నిమిషాలు చెదపుట్టను చూశారు. దాని గురించి చాలా బాగా చెప్పాను కూడా. ఒక్కరూ మెచ్చుకోలేదు.

మూడు నెలలు ఇదే గోల. ఆమె మౌన్ టౌన్‌లో ఆరు తెరల ముందు కూర్చుంటుంది. నీటిగుంటల దగ్గర పెట్టిన కెమెరాల్లో జంతువులు ఆమెకే ముందు కనబడతాయి. నేను అడవిలో జీపు తోలుతూ, కనబడ్డవాటి గురించి చూసేవాళ్ళకి చెబుతుంటాను. ఒకరి మొహం ఒకరం చూడలేదు గానీ, ఒకరి ప్రాణం ఒకరం రోజూ తోడేసుకున్నాం.

"నీ పలకరింపులు పూర్తయ్యేసరికి అడవి ఖాళీ అవుతోంది!"

"నీ తొందర చూసే పారిపోతున్నాయి."

"మీరిద్దరూ పెళ్ళి చేసుకుని ఇంట్లో కొట్టుకోండి," అన్నాడు వెనక సీట్లో కెమెరా పట్టుకున్న ఫెన్యో. "ఇక్కడ నా బ్యాటరీ అయిపోతోంది."

గురువారం వాడే చెప్పాడు. "సోమవారం నుంచి నీ చెవిలోకి వేరేవాళ్ళొస్తారట. గొరాటాయే మార్చమని అడిగిందట."

పీడా పోయిందనుకోవాలి కదా. మధ్యాహ్నం, ఉడికించి దంచిన సెస్వా మాంసం గొంతు దిగలేదు. సెస్వా దిగకపోవడం నా జీవితంలో అదే మొదలు.

శుక్రవారం సాయంత్రం మా ఆఖరి టూర్. లైవ్ మొదలైంది. చెవిలో గొంతు పలికింది.

"దుమేలా, ర్రా."

ర్రా అంటే అయ్యా అని. తప్పు విన్నాననుకున్నాను. "దుమేలా, మ్మా."

"పొద్దున ఎలా లేచారు?"

"బాగానే. మీరెలా లేచారు?"

"నిద్రపడితే కదా లేవడానికి. మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? పశువులకి మేత దొరుకుతోందా?"

సరిగ్గా అప్పుడే ఎడమవైపు పొదలు విరుచుకుంటూ ఏనుగుల మంద వచ్చింది, పిల్లలతో సహా. ఫెన్యో నా వీపు మీద బాదాడు.

"మ్మా, ఏనుగులు..."

"నన్ను పూర్తి చెయ్యనీ! మూడు నెలలు దీనికే కదా ఏడ్చావ్!"

చూసేవాళ్ళకి ఆమె గొంతు వినబడదు. 'మా అమ్మ మోకాలు నయమే' అని నేనిచ్చిన జవాబు ఏనుగులకనుకుని ఉంటారు.

"మరి నన్నెందుకు వదిలేస్తున్నారు?" అడిగేశాను.

"ఇంటికెళ్ళినా నీ గొంతే. గంజి కాస్తుంటే 'దుమేలా, మ్మా'. బట్టలుతుకుతుంటే 'దుమేలా, మ్మా'. విసుగనుకున్నా. మార్చమని అడిగొచ్చాక ఏడుపొచ్చింది. అది విసుగు కాదు, మోతూసీ. పొద్దున వెళ్ళి మార్చొద్దని చెప్పొచ్చా."

మా దగ్గర పెళ్ళి మాట అబ్బాయి నేరుగా అడగడు. అతని మేనమామలు వెళ్ళి అమ్మాయి మేనమామని అడుగుతారు. ఆయన ఇంట్లో ఉంటాడో లేదో కనుక్కోవడం వరకే నా పని.

"మీ మేనమామ ఊళ్ళోనే ఉన్నారా, మ్మా?"

రెండువేల మంది విన్నారు. ఫెన్యో కెమెరా వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏనుగులు ఒక్కొక్కటే దాటుతున్నాయి. మందలో ఆఖరి గున్న మిగిలింది.

"ఆదివారం పొద్దున ఉంటాడు," అంది చివరికి, మెల్లగా. "మీవాళ్ళని గుమ్మంలోనే గంటసేపు పలకరించమని చెప్తాలే. ఇప్పుడు ఎడమకి తిప్పు, మొద్దూ! గున్న వెళ్ళిపోతోంది!"

ఈసారి మారుమాట్లాడకుండా తిప్పాను.