వాజీ కొండ మీద దొంగ గీత

లామెక్ కుమ్వెండాని చంపడానికి వాళ్ళు పెద్దగా కష్టపడలేదు. ఆఫీసులు వదిలే వేళ, రాజధాని లిలోంగ్వేలో పాత బజారు రోడ్డు మీద సైకిలెక్కి ఇంటికి పోతున్నవాణ్ణి వెనక నుంచి ఒక తెల్ల పికప్ గుద్దింది. ఆగలేదు. మర్నాడు ఆ వార్త పేపర్లో కోళ్ళ దాణా ప్రకటన కింద పడింది. ప్రకటనకు ఫోటో ఉంది. లామెక్‌కి లేదు.

లామెక్ సరిహద్దుల కార్యాలయంలో డేటా ఆఫీసరు. ఏ ఊరు ఏ వంశపారంపర్య నాయకుడి పాలన కిందికి వస్తుందో చెప్పే గీతలన్నీ అతని కంప్యూటర్లో ఉండేవి. వాటిని ఇంటర్నెట్‌లో జనం స్వచ్ఛందంగా గీసుకుంటున్న ఉచిత పటానికి ఇచ్చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఉదారబుద్ధి పుట్టి కాదు. సర్కారు పటాలున్న బీరువా తాళంచెవి పోయి చాలా కాలమైంది. జనం గీసిన పటంలో మాత్రం ప్రతి బోరింగూ, ప్రతి బడీ ఉంది.

"ఇందులో విదేశీ ముఠా ఉంది," అన్నాడు కల్నల్ కపిటో. గూఢచారి శాఖ డైరెక్టరు. పొట్ట బల్లకు ఆనుతుంది కాబట్టి కుర్చీ కాస్త దూరంగా వేసుకుంటాడు. "క్రాన్ అని ఒకడు. హాల్‌బెర్గ్ మినరల్స్ అనే కంపెనీ ముసుగులో పని చేస్తున్నాడు. మన సరిహద్దుల డేటా దొంగిలించబోతున్నాడు. ఆపరేషన్ పేరు చాంబో."

చాంబో అంటే చేప. శాఖలో ఆపరేషన్ల పేర్లన్నీ కల్నల్ మధ్యాహ్నం తినాలనుకున్న వాటివే.

ఎదురుగా కూర్చున్న తవోంగా న్యిరోంగో తల ఊపింది. శాఖలో పదిహేనేళ్ళుగా ఉంది. ప్రమోషన్ రాని ప్రతిసారీ ఒక కొత్త భాష నేర్చుకుంది.

"సమాచారం ఎవరిచ్చారు సార్?"

"ఫ్లెమింగో." కల్నల్ ఆ పేరు పలికిన తీరు చూస్తే అది కోడ్ పేరులా లేదు, సెంటు పేరులా ఉంది. "ముఠా లోపల ఉన్న మన మనిషి."

ఫ్లెమింగో అంటే వనెస్సా గోండ్వే. మంత్రుల విందుల్లో కన్సల్టెంటు, రాయబారుల విందుల్లో కవయిత్రి, కల్నల్ ఫైళ్ళలో దేశభక్తురాలు. ఎర్రటి గోళ్ళు, ఎత్తు మడమల చెప్పులు. ఆమె నవ్వితే గదిలో సగం మంది మగవాళ్ళు తమనే చూసి నవ్విందనుకుంటారు. మిగతా సగం మందికి ఆ సంగతి ఖాయంగా తెలుసు.

"సార్, ఒక చిన్న అనుమానం. ఆ డేటా వచ్చే శుక్రవారం అందరికీ ఉచితంగా ఇచ్చేస్తున్నారు కదా. ఉచితంగా పంచేదాన్ని ఎవడైనా ఎందుకు దొంగిలిస్తాడు?"

కల్నల్ ఆలోచించాడు. ఆ శ్రమ మొహంలో కనిపించింది.

"నీకిచ్చిన పని చెయ్యి," అన్నాడు.

బయటికి వస్తుంటే గాడ్జెట్ల విభాగంవాడు ఒక లిప్‌స్టిక్ చేతిలో పెట్టాడు. "సిగ్నల్ జామర్ మేడమ్. మూత తిప్పితే చాలు, చుట్టుపక్కల నెట్ అంతా బంద్." ఆమె తిప్పింది. నిజంగానే లిప్‌స్టిక్ బయటికొచ్చింది. రంగు కూడా బాగాలేదు.

*

పటం గీసేవాళ్ళ అడ్డా ఒక సిమెంటు కొట్టు పైన ఉన్న గది. తవోంగా కళ్ళజోడు పెట్టుకుని, రిటైరైన లైబ్రేరియన్‌లా వెళ్ళింది. దలిట్సో మ్సిస్కా అనే జాగ్రఫీ మేష్టారు అక్కడ పెద్ద. ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"పటం గీయడం వచ్చా?"

"నేర్చుకుందామని వచ్చాను బాబూ."

"అయితే ఏదీ ముట్టుకోకండి. మొన్నొకాయన నేర్చుకుందామనే వచ్చి సరస్సును ఎత్తి పొలాల్లో పెట్టాడు."

"సర్కారు సరిహద్దులు ఎక్కిస్తున్నారట కదా. బటన్ నొక్కితే అయిపోతుందా?"

దలిట్సో మొహం చేదు తిన్నట్టయింది. "సర్కారు వాళ్ళలాగే మాట్లాడుతున్నారు. అనుమతి ఉందా చూడాలి. ఏమేం ఎక్కిస్తామో ముందు అందరికీ చెప్పాలి. ముక్కలు ముక్కలుగా ఎక్కించాలి. గీత వాగు వెంట పోతోందా, వాగును దాటుతోందా అని ఒక్కొక్కటీ చూడాలి. ఒకరు చేసింది ఇంకొకరు చూడాలి. ఇదంతా మాకు లామెక్ నేర్పాడు. సర్కారులో పని చేసిన ఒకే ఒక్క మనిషి. చంపేశారు."

దలిట్సో మళ్ళీ కీబోర్డు మీద పనిలో పడ్డాడు.

"లామెక్ పంపిన ఫైలు మీ దగ్గరుందా?"

"ఉంది. అతను పోయిన మర్నాడే 'సవరించిన ఫైలు' అని ఇంకోటి వచ్చింది. ఇదే వాడాలని ఆర్డరు. పంపింది ఎవరో గోండ్వే అనే కన్సల్టెంటు. ఎక్కించడం కూడా వాళ్ళే చేస్తారట, హోటల్లో, మంత్రిగారి చేతుల మీదుగా. మమ్మల్ని వచ్చి చప్పట్లు కొట్టమన్నారు."

"రెండు ఫైళ్ళకీ తేడా ఏమిటి?"

దలిట్సో ఒకదాని మీద ఒకటి పరిచి చూపించాడు. దేశమంతా గీతలు అచ్చంగా కలిసిపోయాయి. ఉత్తరాన ఒక్కచోట తప్ప. లామెక్ గీత రుకా వాగు వెంట బుద్ధిగా నడిచింది. కొత్త గీత వాగును వదిలి, వాజీ కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ వాగులో కలిసింది.

"కొండ కింద ఏముంది?"

"ఏదో ఖనిజం ఉందంటున్నారు. బ్యాటరీల్లోకట. లామెక్ లెక్కన కొండ కలంబో నాయకుడిది. ఆ ముసలాయన తవ్వకం కుదరదని మొహం మీదే చెప్పాడు. అవతల జిగోమా నాయకుడు సంతకం పెట్టేసి కొత్త కారు కూడా కొనుక్కున్నాడు. కొత్త గీతలో కొండ జిగోమాది."

తవోంగాకి విషయం తేటపడింది. ముఠా వచ్చింది డేటా తీసుకుపోవడానికి కాదు, దొంగ గీత పెట్టిపోవడానికి. ముందే ప్రకటించినట్టు, శుక్రవారం సరిగ్గా పన్నెండుకి గనుల బోర్డు తవ్వకాల అనుమతుల కోసం ఆ పటం నకలు తీసుకుంటుంది. ఆ నకల్లో కొండ ఎవరిదైతే వాళ్ళ సంతకమే చెల్లుతుంది. ఫ్లెమింగో చెప్పిన దొంగతనం కథ శాఖను బయటి తలుపు దగ్గర కాపలా పెట్టడానికి.

కానీ నిజంగానే లామెక్ పొరపాటు పడి ఉంటే? ఆమె మర్నాడు ఉత్తరాదికి బస్సెక్కింది.

*

వాజీ కొండ కింద ఊళ్ళో ఒక ముసలమ్మ ఎండలో కర్రపెండలం ఆరబెడుతోంది. పేరు న్యమ్‌కంద్వే. తవోంగా ఈసారి టీకాల సర్వే మనిషి.

"ఈ ఊరు ఏ నాయకుడి కిందమ్మా?"

"నీకెందుకే అమ్మాయ్? టీకా వెయ్యడానికి నాయకుడు కావాలా, చెయ్యి కావాలా?"

"రాసుకోమన్నారమ్మా."

"రాసుకోమన్నవాడు ఎన్నడూ ఇటు రాడు." ముసలమ్మ ముక్కలు తిరగేసింది. "మా ఆయన పోయినప్పుడు కలంబో మనిషి వచ్చి సమాధికి చోటు చూపించాడు. మా అత్తకీ, ఆమె అత్తకీ అక్కడే. అందరూ ఈ కొండ పక్కనే ఉన్నారు. మొన్న ఒక తెల్లాయన వచ్చి, ఇది జిగోమా నేల, సమాధులు వేరేచోటికి మార్చుకోండి, డబ్బిస్తాం అన్నాడు. కొండ పేరు కూడా పలకడం రాలేదు వాడికి. పక్కన ఎర్రగోళ్ళ పిల్ల ఒకత్తి. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడింది, మేమేదో కుళ్ళిపోయినట్టు."

"ఎందులో వచ్చారమ్మా?"

"తెల్ల పికప్. ముందు దీపం ఒకటి పగిలిపోయింది. మనిషినో గొడ్డునో గుద్దారా అని అడిగితే ఆ పిల్ల నవ్వింది." ముసలమ్మ నేల మీద ఉమ్మేసింది. "రాసుకో. కలంబో. పెద్ద అక్షరాల్లో రాసుకో."

తవోంగా బస్టాండు నుంచి కల్నల్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

"ఫ్లెమింగో మన మనిషి," అన్నాడు కల్నల్. "నీకు ఆమె అంటే అసూయ. ఆడవాళ్ళకి ఇది మామూలే. శుక్రవారం ఆ హోటల్ దరిదాపుల్లోకి రాకు. ఇది ఆర్డర్."

"వినబడటం లేదు సార్," అంది తవోంగా. అవతలి మాట గంట కొట్టినట్టు వినబడుతోంది. ఫోన్ పెట్టేసింది.

*

శుక్రవారం. హోటల్ హాలు. పూలు, బ్యానర్లు, ఏసీ చలి. వేదిక మీద ఒక లాప్‌టాప్, దాని వెనక తెర మీద దేశం పటం. ముందు వరసలో దలిట్సో ఇరుకైన కోటులో, చప్పట్లు కొట్టడానికి.

టీ బల్ల దగ్గర కొత్త మనిషి ఒకత్తి ఉంది. తలకు గుడ్డ, నడుముకు చుట్టిన చితెంజే బట్ట, వంగిన నడక. పదిహేనేళ్ళలో తవోంగా వేసిన వేషాలన్నిట్లోకీ ఇదే పక్కా వేషం. టీ పోసేదాని మొహం ఈ హాల్లో ఎవడూ చూడడు.

క్రాన్ వచ్చి కప్పు చాచాడు, ఆమెవైపు చూడకుండానే. పక్కన వనెస్సా. ఇద్దరూ ఇంగ్లిషులో మాట్లాడుకున్నారు, టీ పోసేదానికి ఇంగ్లిషు రాదన్న ధీమాతో.

"ఆ మేష్టారి దగ్గర పాత ఫైలుందట," అన్నాడు క్రాన్.

"ఉంటే ఉండనీ. వాడి మాట ఎవరు వింటారు?"

"లామెక్ గురించి కూడా అలాగే అన్నావు. చివరికి పికప్ నేను తెప్పించాల్సి వచ్చింది."

"తోలింది నేను. మీరు వెనక సీట్లో కళ్ళు మూసుకున్నారు." వనెస్సా చక్కెర వేసుకుంది. "మరి కాసేపట్లో కొండ మనది. మా కల్నల్ నాకు మెడల్ కూడా ఇస్తాడు."

"ఇంకాస్త పాలు పొయ్యనా అమ్మగారూ?" అంది టీ మనిషి చెవా భాషలో.

"ఫో అవతలికి," అంది వనెస్సా.

తవోంగా ఏప్రన్ జేబులో మామూలు ఫోను ఒకటి ఇదంతా రికార్డు చేసుకుంది. శాఖ ఇచ్చింది కాదు కాబట్టి అది పని చేసింది.

మంత్రి వేదిక ఎక్కాడు. పటం అంటే దేశానికి అద్దమన్నాడు. అద్దం అంటే ఏమిటో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. పన్నెండు కావస్తుండగా బటన్ నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ పట్టీ పాకడం మొదలుపెట్టింది. సగం దాటింది. వనెస్సా గడియారం చూసుకుని నవ్వింది. పట్టీ చివరి దగ్గరికి వచ్చింది. ఇంకొక్క వేలెడు.

తవోంగా టీ బల్ల కిందికి వంగింది. గోడ ప్లగ్గులో హాలు మొత్తానికి నెట్ ఇచ్చే డబ్బా వైరు ఉంది. దాన్ని పీకి, అక్కడ టీ మరిగించే కెటిల్ ప్లగ్గు పెట్టింది.

పట్టీ ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు. ఎక్కించడం విఫలం. మొత్తం అందలేదు కనుక ఏదీ చేరలేదు.

హాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నెట్ పోవడం అందరికీ అలవాటే. మంత్రి ఇంకో రెండు మాటలు చెప్పే అవకాశం దొరికిందని సంతోషించాడు. వనెస్సా మాత్రం వైరు వెంట చూపు పోనిచ్చి, టీ బల్ల దగ్గరికి పరుగున వచ్చి వంగింది. అప్పుడు మొదటిసారి టీ మనిషి మొహం చూసింది. కల్నల్ ఆఫీసులో చూసిన మొహమే.

"తవోంగా."

"చక్కెర సరిపోయిందా?"

"ఆ ప్లగ్గు తియ్యి." వనెస్సా హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ మూతి తొంగి చూసింది.

"కాల్చు. అన్ని టీవీలవాళ్ళూ ఉన్నారు. టీ పోసే ముసలిదాన్ని ఎందుకు కాల్చావో మంత్రిగారికి నువ్వే చెప్పుకో."

"ఒక కొండ కోసం, నలుగురు పల్లెటూరి ముసలివాళ్ళ కోసం ఇంత చేస్తావా? నీకు దొరికేదేమిటి?"

"ఏమీ లేదు. అందుకే నువ్వు నన్ను లెక్కలో వేసుకోలేదు."

కెటిల్ ఈల వేసింది. గోడ గడియారం పన్నెండు చూపించింది. గనుల బోర్డు నకలు తీసేసుకుంది. ఆ నకల్లో వాజీ కొండ దగ్గర ఏ గీతా లేదు. గీత లేని చోట ఎవరి సంతకమూ చెల్లదు. తవోంగా వనెస్సా మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. పిస్టల్ బిస్కెట్ల పళ్ళెంలో పడింది. తలుపు వైపు నడుస్తున్న క్రాన్‌కి దలిట్సో కాలు అడ్డం పెట్టాడు. చప్పట్లు కొట్టడానికి పిలిచిన మనిషి ఆ రోజు చేసిన పని అదొక్కటే.

*

రికార్డింగు విన్నాక కల్నల్ కపిటో, ఫ్లెమింగో మీద తనకు మొదటినుంచీ అనుమానమేనని రిపోర్టు రాయించాడు. హంతకుల్ని పట్టినందుకు మెడల్ తనే తీసుకున్నాడు. పికప్‌ని రుకా వాగు పక్క షెడ్డులో పట్టుకున్నారు. దాని పగిలిన దీపం ముక్కలు లామెక్ సైకిలు చక్రంలో ఇరుక్కునే ఉన్నాయి. అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

దలిట్సో బృందం లామెక్ ఫైలును పద్ధతి ప్రకారం ఎక్కించింది. ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క మీద పోట్లాడుకుంటూ. వాజీ కొండ గీతకు ఆధారం ఎవరని రాయాల్సిన చోట దలిట్సో లామెక్ కుమ్వెండా పేరు రాశాడు. దాని పక్కన తవోంగా న్యమ్‌కంద్వే పేరు కూడా చేర్పించింది.

పటం ఇంత గొడవ చేసింది కదా అని కల్నల్ ఒకరోజు దాన్ని తెరిచి చూశాడు. లిలోంగ్వే, ఆ వీధి, ఈ వీధి. ఒకచోట ఆగిపోయాడు. తవోంగాని పిలిచాడు.

"ఇదేమిటి?"

పటంలో వాళ్ళ భవనం ఉంది. మీద స్పష్టంగా రాసుంది: గూఢచారి శాఖ, ప్రధాన కార్యాలయం. వెనక గేటుతో సహా. కింద పని వేళలు.

"వెంటనే తీసేయమను."

తవోంగా దలిట్సోకి ఫోన్ చేసింది.

"అక్కడ గూఢచారి శాఖ లేదా?" అన్నాడు దలిట్సో.

"ఉంది."

"అయితే ఉంటుంది. భోజనం టైము తప్పు పడితే మాత్రం చెప్పండి, సరిచేస్తాను."

ఆమె తలెత్తి చూసింది. కల్నల్ కుర్చీ ఖాళీగా ఉంది. భోజనం టైము కూడా సరిగ్గానే పడింది.