రూవి ఫ్లాట్‌లో వెయ్యి ఫోన్లు

"టార్గెట్ గల్ఫ్‌లోని రూవిలో ఒక ఫ్లాట్. లోపల వెయ్యి ఫోన్లు, అన్నీ ఒక్క పాటే ప్లే చేస్తున్నాయి. నడిపేది విదేశీ ముఠా. ఇవాళ పాట, రేపు ఓట్లు. మధ్యాహ్నం పన్నెండుకు చార్ట్ క్లోజ్. ఆలోపు ఆపు," ఇయర్‌పీస్‌లో చీఫ్ ఆర్డర్.

ఏజెంట్ గంగాప్రసాద్ పళ్లు నూరాడు. ఆ పాట టాలెంట్ షో విన్నర్‌ది. ఏటా ఇదే తంతు. ఫైనల్ అయిన వారమే విన్నర్ పాట గల్ఫ్ తెలుగు చార్ట్ నెత్తికెక్కి కూర్చుంటుంది. ఈసారి కార్మికులు కడుపు మండి కాంపెయిన్ పెట్టారు. రైసూత్‌లో మేస్త్రీ పని చేసే భూమయ్య పాటను నంబర్ వన్ చేయాలని పట్టుబట్టారు. బిల్డింగ్ సైట్‌లో పైనుంచి పడి చచ్చిపోయిన తమ్ముడు రాజేశం మీద అతను కట్టిన పాట అది. సేఫ్టీ బెల్టు ఇవ్వని కంపెనీ, తప్పంతా రాజేశందేనని ఫైల్ మూసేసింది. నంబర్ వన్ పాటను రేడియోలో వేస్తారు. ఆ నిజం ఒక్కసారైనా నలుగురి చెవిన పడాలని రాజేశం భార్య సత్తవ్వ జగిత్యాల దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చుంది.

కాంపెయిన్‌ను ముందుండి నడిపింది హుమా. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన అత్తరు, తేనెలాంటి మాట. మెంబర్‌షిప్ కోసమంటూ అందరి బతాకా కాపీలు తీసుకుంది. ఎవరడిగినా రెసిడెంట్ కార్డు కాపీ ఇచ్చేయడం మనవాళ్లకు అలవాటైపోయింది. తీరా చూస్తే ఆమె ముఠా మనిషి! ఆ కాపీలతోనే సిమ్ములు తీసింది. భూమయ్య పేరు మీది సిమ్ము కూడా విన్నర్ పాటే ప్లే చేస్తోంది. ఛీ, ఇంత సిగ్గుమాలిన పని ఉంటుందా?

గంగాప్రసాద్ టెర్రస్ ఎక్కి ఆ ఫ్లాట్ ఏసీల వైర్లు తెంపాడు. జూన్ ఎండకు లోపల ఫోన్లు కాలిపోసాగాయి. శుక్రవారం, షాపులన్నీ మూత. ఏ మెకానిక్కూ ఫోన్ ఎత్తలేదు. హుమా తన తలుపు మీది స్టిక్కర్ నంబర్‌కు కొట్టింది. రూవిలో ఏసీ మెకానిక్ స్టిక్కర్ లేని తలుపుండదు. కాకపోతే ఆ స్టిక్కర్ అంటించింది గంగాప్రసాద్.

"జల్దీ ఆవో భయ్యా," అంటూ తలుపు తనే తీసింది.

చార్ట్ మూతకు నిమిషం ఉంది. రెండు పాటల ప్లేలూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. గంగాప్రసాద్ స్క్రూడ్రైవర్ పిడిలోని జామర్ నొక్కాడు. గోడ నిండా ఉన్న ఫోన్లన్నీ నోరు మూసుకున్నాయి.

హుమా కళ్లద్దాలు తీసింది. "ఒక పాట కోసం ఇంతనా?"

"పాట గాదు, మనిషి సచ్చిండు. ఆ మనిషి సొంత అన్న పేరు మీదనే ఈ పాపం జేస్తివి. థూ."

అప్పటికే పోలీసులు మెట్లెక్కుతున్నారు.

కాసేపటికి రేడియోలో నంబర్ వన్ పాటగా భూమయ్య గొంతు వినిపించింది. బెల్టు మాట వచ్చినచోట సత్తవ్వ భోరుమంది.

సాయంత్రం టాలెంట్ షో వాళ్లు సిగ్గూశరం లేకుండా భూమయ్యకే ఫోన్ చేసి, వచ్చే సీజన్‌లో స్టేజీ ఎక్కమన్నారు.

భూమయ్య ఒక్కటే అడిగాడు: "ఎక్కుత గని, బెల్టు ఇస్తరా?"