పాత ఏడుపు, కొత్త బొమ్మ

టీవీలో ఆమె ఏడుపు ఆమెకే వినిపించింది.

జ్వరంతో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నదల్లా లేచి కూర్చుంది. తెర మీద స్కూలు డాబా, జోరువాన, గొడుగు లేకుండా తడుస్తున్న అమ్మాయి. అది తెలుగులోకి డబ్ చేస్తున్న కొత్త అనిమే, జపాను బొమ్మల సీరియల్. అందులో ఆ అమ్మాయికి గొంతు ఇచ్చేది ఆమే. కానీ ఈ ఎపిసోడ్‌కి ఆమె స్టూడియో గడపే తొక్కలేదు. మందులు మింగుతూ ఇంట్లోనే ఉంది.

"నువ్వు సంతోషంగా ఉంటే చాలు. నా సంగతి వదిలెయ్," అంటూ తెర మీది అమ్మాయి ఆమె గొంతుతో వెక్కుతోంది.

"బాగా ఏడ్చావే," అంది పక్కన బట్టలు మడతపెడుతున్న అక్క.

ఆ ఏడుపు పోయినేడాది ఇంకో సీరియల్ కోసం ఏడ్చింది. అక్కకి ఆ మాట చెప్పలేక ఆమె మళ్లీ ముసుగేసుకుంది.

మర్నాడు ఒళ్లు వెచ్చగా ఉండగానే స్టూడియోకి బయల్దేరింది. అక్కడ ఆమెను అందరూ ఏడుపు అనే పిలుస్తారు. అద్దం వెనక రికార్డింగ్ మిషన్ దగ్గర కూర్చునే అతని పేరు సౌండు. పేరుకే సౌండు, మనిషి పెద్దగా నోరు విప్పడు.

ఆమెది మెత్తటి గొంతు. అందుకే ఏ సీరియల్ వచ్చినా హీరో చిన్ననాటి స్నేహితురాలి వేషం ఆమెకే పడుతుంది. హీరో కిటికీ పక్క చివరి బెంచీలో కూర్చుంటాడు. మొదటి ఎపిసోడ్‌లోనే క్లాసులోకి కొత్తమ్మాయి వస్తుంది. అంతటితో చిన్ననాటి స్నేహితురాలి నుదుటిరాత ఖాయమైపోతుంది. వాడికి జ్వరమొస్తే పక్కనే కూర్చుని చూసుకుంటుంది, మెడకి మఫ్లర్ చుడుతుంది, చివరికి వానలో వాణ్ణి కొత్తమ్మాయికి వదిలేసి వెళ్లిపోతుంది. సీరియల్ మారితే జుట్టు రంగు మారుతుంది, అంతే.

ఈ పోలికలే ఆమెనీ సౌండునీ దగ్గర చేశాయి. అతను తెర మీద బొమ్మ ఆపి, "ఇప్పుడేమవుతుంది?" అని అడిగేవాడు.

"గాలి వీస్తుంది. ఇది మనసులో మాట చెప్తుంది. సరిగ్గా అప్పుడే రైలొస్తుంది, వాడికి వినపడదు."

బొమ్మ కదిలేది. రైలు రానే వచ్చేది. ఇద్దరూ నోరు మూసుకుని నవ్వుకునేవారు. అలా నవ్వుతూ నవ్వుతూనే ఆమెకి అతనంటే ఇష్టం కలిగింది. కానీ ఇన్ని సీరియల్స్‌లో తన గొంతున్న అమ్మాయి ఒక్కసారీ గెలవలేదు. అందుకని ఆ ఇష్టాన్ని ఆమె గొంతు దాటనివ్వలేదు.

ఈరోజు మాత్రం తిన్నగా మిషన్ దగ్గరికే వెళ్లింది.

"నా పాత ఏడుపు తెచ్చి అతికించావా?"

అతను తలెత్తలేదు. "నువ్వు రాలేదని డైరెక్టర్ గారు వేరే అమ్మాయిని పిలుస్తానన్నారు. నీ వేషం పోకూడదని..."

"అతికిందా?"

"పెదాలకి కూడా సరిపోయింది. ఒక్క మాటా సాగదియ్యాల్సిన పనే పడలేదు."

ఆ మాట అన్నాక గానీ దాని బరువు అతనికి తెలియలేదు.

"అయితే ఇక నేనెందుకు?" అంది ఆమె.

దానికి జవాబు సాయంత్రం డైరెక్టర్ గారే చెప్పారు. కోపంగా ఏమీ కాదు, చాలా ప్రేమగా చెప్పారు. ఈ కథలన్నీ ఒక్క మూసలోవే, ఏడుపూ నవ్వూ పిలుపూ అన్నీ స్టూడియోలో ఉండనే ఉన్నాయి, కాబట్టి ఆమెను ఇక శ్రమ పెట్టదలచుకోలేదట. అవసరమైతే కబురు చేస్తారట.

ఆమె తలూపి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. పట్టీ ఓ పట్టాన పడటం లేదు. వెనక బరువైన తలుపు తెరుచుకుంది. సౌండు వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"మేలు చెయ్యబోయి నీ నోటి దగ్గర కూడు తీశాను," అన్నాడు.

ఆమెకి తిట్టే ఓపిక కూడా లేదు. "ఒక్కో అమ్మాయి కోసం ఒక్కోలా ఏడ్చాననుకున్నాను. అన్నీ ఒకటేనన్నమాట."

"ఒకటి కాదు. పోయినేడాది ఏడుపులో కోపం ఉంది. ఈ కొత్త సీరియల్ పిల్లకి కోపం లేదు, భయం. అతికించిన రాత్రి దాన్ని వినలేక బయటికెళ్లి నిలబడ్డాను." అతను నేల వైపు చూస్తూనే అన్నాడు. "నువ్వంటే నాకిష్టం. చెప్పడానికిది మంచి రోజు కాదని తెలుసు. రేపు నువ్వు రావు కదా, అందుకని చెప్తున్నా."

ఆమె పట్టీ వదిలేసి అతని వైపు తిరిగింది. వదిలి వెళ్లడం ఆమెకి వచ్చు. బాగుండమని దీవించి మొహం తిప్పుకోవడం వచ్చు. కానీ ఇంతవరకు ఏ సీరియల్‌లోనూ ఆ అమ్మాయితో ఎవరూ ఈ మాట అనలేదు.

"ఏదో ఒకటి అను. తిట్టినా సరే."

"ఉండు. నాకిది అలవాటు లేదు," అంది. జ్వరానికి బొంగురుపోయిన గొంతు అక్కడక్కడా విరిగింది. పట్టీ బిగించుకుని మళ్లీ అంది. "పని పోయిందని అక్కకి చెప్పాలి. నా ఒక్కదానివల్ల కాదు. నువ్వు కూడా వస్తావా?"

"వస్తా. తప్పంతా నాదని చెప్తా."

"తిడుతుంది."

"తిట్టనీ."

ఆమె కన్నీళ్లు తుడుచుకుంటూ లేచింది. "నువ్వెవరని అడుగుతుంది."

"ఏం చెప్తావు?"

"తెలీదు. నడు, దారిలో ఆలోచిద్దాం."